వైన్ రుచి చూడ్డం, 5వ పాఠం: వగరు వేరు, డ్రై వేరు

ఈసారి ప్రాంతాల్లోకి వెళ్దాం అని పోయిన పాఠం చివర్లో మాటిచ్చాను. వెళ్తాం, కానీ ముందు పోయినసారి ఇచ్చిన ప్రాక్టీసు సంగతి తేల్చుకోవాలి. మూడు గ్లాసుల్లో మూడు వైన్లు పోసుకుని ఒక్కోదాని గురించి నాలుగు ముక్కలు రాయమన్నాను కదా, మీరు పంపినవన్నీ కూర్చుని చదివాను. వాసనల దగ్గర నేను అనుకున్నదానికంటే చాలా బాగా రాశారు. రుచి దగ్గరికొచ్చేసరికి మాత్రం దాదాపు అందరిదీ ఒకటే తప్పు. కాబెర్నే సావిన్యాన్ అనే రెడ్ వైన్ తాగి "చాలా డ్రైగా ఉంది, నోరంతా ఎండిపోయింది" అన్నారు, రీస్లింగ్ అనే వైట్ వైన్ తాగి "పండ్ల వాసన బాగా వస్తోంది కాబట్టి స్వీట్" అన్నారు. డ్రై అనే మాటని ఒక్క లైన్లో చెప్పేసి దాటిపోయింది నేనే, అందుకే ఇవాళ పాఠం సగం దీనికే పోతుంది. గ్లాసు ఎలా పట్టుకోవాలి, ఎలా తిప్పాలి లాంటివి మళ్ళీ చెప్పను, అవి మీకు వచ్చేశాయి.

వైన్ విషయంలో డ్రై అంటే ఒకటే అర్థం, తీపి లేదు అని. ద్రాక్షరసంలో ఉన్న చక్కెరని ఈస్ట్ తినేసి ఆల్కహాల్‌గా మార్చేసింది, ఇక మిగిలింది చాలా కొద్ది. యూరప్ రూల్స్ ప్రకారం లీటరుకి 4 గ్రాముల దాకా చక్కెర మిగిలితే డ్రై అని లేబుల్ మీద వేసుకోవచ్చు, పులుపు గట్టిగా ఉన్న వైన్లకైతే 9 గ్రాముల దాకా ఒప్పుకుంటారు. అంతే. నోరు ఎండిపోవడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. నోరు ఎండిపోయినట్టు చేసేది టానిన్ అనే పదార్థం, అది ద్రాక్ష తొక్కలోంచీ గింజల్లోంచీ కాడల్లోంచీ వస్తుంది, కొంత ఓక్ పీపాల్లోంచి కూడా.

ఇంగ్లీషులో నోరు ఎండిపోయినా డ్రై అనే అంటారు, తీపి లేకపోయినా డ్రై అనే అంటారు, అందుకే ఆ భాషలో నేర్చుకునేవాళ్ళు ఇక్కడే ఏళ్ళ తరబడి తికమక పడతారు. మనకి ఆ ఖర్మ లేదు కదా! వగరు అనే మాట ఉంది మనకి, కొందరు ఒగరు అంటారు, ఎలా అన్నా ఒకటే. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదుతో పాటు ఆరో రుచిగా ఎప్పట్నించో లెక్కేసుకున్నాం. అంత చక్కని మాట నోట్లో పెట్టుకుని "డ్రై" అని రాస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఇక నుంచి మీ నోట్సులో డ్రై అనే మాట చక్కెర గురించి మాత్రమే రావాలి, నోరు పట్టేస్తే వగరు అని రాయండి.

చదివితే వచ్చేది కాదు కాబట్టి ఇవాళే ఒకటి చేసి చూడండి, దీనికి వైన్ అక్కర్లేదు. ఒక కప్పు వేడి నీళ్ళలో చెంచాడు టీ పొడి వేసి పది నిమిషాలు వదిలెయ్యండి, పాలు వద్దు, చక్కెర వద్దు. వడగట్టి చల్లారాక ఒక గుక్క నోట్లో పోసుకుని అన్ని వైపులా తిప్పి ఉమ్మేయండి. ఇప్పుడు నాలుకతో పైపెదవి లోపలి వైపు, పళ్ళ చిగుళ్ళు ఒకసారి తడిమి చూడండి. ఇందాకటి దాకా నున్నగా జారిన చోట గరుకుగా తగులుతుంది, పెదవి పళ్ళకి పట్టేసినట్టుంటుంది. అదే వగరు. మన ఉమ్మిలో ప్రొటీన్లు ఉంటాయి, నోరు జారుడుగా ఉండేది వాటివల్లే, టానిన్లు వెళ్ళి వాటిని పట్టుకుని ముద్ద కట్టించేస్తాయి, దాంతో ఆ జారుడు పోతుంది. అంటే సరిగ్గా చూస్తే ఇది నాలుకకి తెలిసే రుచి కంటే నోటికి తెలిసే స్పర్శ. ఇప్పుడు అదే టీలో రెండు చెంచాల పాలు కలిపి మళ్ళీ చూడండి, వగరు చాలా వరకు పోతుంది, ఎందుకంటే టానిన్లకి పట్టుకోడానికి పాల ప్రొటీన్లు దొరికాయి, మీ ఉమ్మిని వదిలేశాయి. వగరు ఎక్కువున్న రెడ్ వైన్లతో చీజ్, మాంసం పెట్టుకునేదీ ఇందుకే.

తర్వాత గ్లాసుడు నీళ్ళలో నిమ్మకాయ పిండుకుని ఒక గుక్క. దవడల దగ్గర నీళ్ళు ఎలా ఊరాయో చూశారా, అది పులుపు. నోరూరితే పులుపు, నోరు పిడచకట్టుకుపోతే వగరు, రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు, అయినా గ్లాసులో రెండూ కలిసి వచ్చినప్పుడు మనం ఒకటే అనేసుకుంటాం. నేను వాడే చిన్న పద్ధతి ఒకటుంది. వైన్ ఉమ్మేశాక నోరు మూసుకుని తల కాస్త ముందుకి వంచి పది అంకెలు లెక్కపెడతాను. ముందు పళ్ళ వెనక ఎన్ని నీళ్ళు చేరితే అంత పులుపు. నీళ్ళు చేరుతున్నా చిగుళ్ళు గరుకుగానే ఉంటే పులుపూ వగరూ రెండూ ఉన్నట్టు. ఇన్నేళ్ళయినా నాకు ఇంతకంటే నమ్మకమైనది దొరకలేదు. చేదు మళ్ళీ ఇంకోటి, పాలు లేని కాఫీలో ఉండేది, దాన్ని వగరుతో కలపకండి. నాలుక చివర తీపి, పక్కల పులుపు, వెనక చేదు అని వేసే బొమ్మ మీలో ఇద్దరు ముగ్గురు గుర్తు చేశారు, ఆ బొమ్మ తప్పు, నాలుక మీద అన్ని రుచులూ అన్ని చోట్లా తెలుస్తాయి, దాన్ని మర్చిపోండి.

పండ్ల వాసన వస్తే తీపి అనుకోవడం రెండో తప్పు, దీనికి మందు చాలా సులువు, ముక్కు మూసుకుని గుక్క వెయ్యడమే. వాసన ఆగిపోయాక కూడా నాలుక మీద తీపి నిలబడితే చక్కెర ఉన్నట్టు, లేకపోతే మీ ముక్కు మీకు చెప్పిన కథ అది. షాంపేన్ లేబుళ్ళ దగ్గర కూడా జాగ్రత్త, లీటరుకి 12 గ్రాముల లోపు చక్కెర ఉంటే బ్రూట్, 12 నుంచి 17 దాకా ఉంటే ఎక్స్‌ట్రా డ్రై. అంటే ఎక్స్‌ట్రా డ్రై అని రాసి ఉన్నదే బ్రూట్ కంటే తియ్యగా ఉంటుంది.

ఇప్పుడు ప్రాంతాలు. పచ్చికాయలో పులుపు ఎక్కువ, పండేకొద్దీ పులుపు తగ్గి తీపి పెరుగుతుంది, ద్రాక్ష కూడా అంతే. చలి ప్రాంతంలో మెల్లగా పండుతుంది, పులుపు నిలబడుతుంది, చక్కెర తక్కువ చేరుతుంది కాబట్టి ఆల్కహాల్ కూడా తక్కువ. జర్మనీలో మోసెల్ నది ఒడ్డున నిట్టనిలువుగా ఉండే పలకరాయి వాలుల మీద పండే రీస్లింగ్ నాకు ప్రాణం, అందులో కాబినెట్ అనే తేలికపాటి రకం తీసుకుంటే ఆల్కహాల్ చాలాసార్లు 8, 9 శాతమే ఉంటుంది, కొంత చక్కెర కూడా మిగిలే ఉంటుంది, అయినా ఆ పులుపు ముందు తీపి వెనక్కి తగ్గిపోయి గుక్క మింగాక నోరు శుభ్రంగా కడిగినట్టుంటుంది. పోయినసారి "స్వీట్" అని రాసినవాళ్ళలో ఇలాంటి రీస్లింగ్ తాగినవాళ్ళది నిజానికి సగం ఒప్పే, కాకపోతే కారణం వాసన అని రాశారు, అక్కడే మార్కులు పోయాయి.

ఒకే ద్రాక్షని రెండు చోట్లది పక్కపక్కన పెట్టుకుని తాగితే ప్రాంతం తేడా తెలిసినంత బాగా ఇంకెలాగా తెలీదు. షార్డొనే అనే వైట్ వైన్ ద్రాక్ష తీసుకుంటే ఫ్రాన్సులో చలి ప్రాంతం షాబ్లీది ఒకటి, కాలిఫోర్నియాలో ఎండ ప్రాంతం నాపాది ఒకటి, మొదటిదాంట్లో నోరూరుతుంది, రెండోది నోట్లో బరువుగా, చాలాసార్లు వెన్న వాసనతో వస్తుంది. ఆ వెన్న వాసన ఎండ వల్ల వచ్చేది కాదండి, పదునైన మాలిక్ ఆమ్లాన్ని బాక్టీరియా మెత్తటి లాక్టిక్ ఆమ్లంగా మార్చేటప్పుడు పుట్టేది. సిరా అనే రెడ్ వైన్ ద్రాక్ష అయితే ఫ్రాన్సులోని ఉత్తర రోన్‌లో మిరియాల వాసనతో బిగువుగా ఉంటుంది, అదే ద్రాక్ష ఆస్ట్రేలియాలో ఎండ ఎక్కువుండే బరోస్సా లోయకి వెళ్ళి షిరాజ్ అనే పేరుతో 14, 15 శాతం ఆల్కహాల్‌తో వస్తుంది, గుక్క దిగాక గొంతులో ఆ కాక తెలుస్తుంది. అర్జెంటీనాలో మెండోసా ఎండ ప్రాంతమే, కానీ అక్కడ మల్బెక్ అనే రెడ్ వైన్ ద్రాక్ష తోటలు చాలా వరకు సముద్రమట్టానికి బాగా ఎత్తున ఉంటాయి, రాత్రిళ్ళు చల్లబడతాయి, అందుకని పులుపు మిగులుతుంది. కాబట్టి మ్యాపులో ఎక్కడుందో ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి.

వగరు మాత్రం వాతావరణం కంటే ద్రాక్ష రకాన్ని, చేసే పద్ధతిని బట్టే ఎక్కువ ఉంటుంది. వైట్ వైన్‌కి ముందే పిండేసి తొక్కలు పారేస్తారు కాబట్టి వగరు తక్కువ, రెడ్ తొక్కలతో పాటు పులుస్తుంది కాబట్టి ఎక్కువ. ఇక్కడ రంగు చూసి మోసపోతారు. ఇటలీలో బరోలో అని ఒక రెడ్ వైన్ ఉంది, నెబ్బియోలో ద్రాక్షతో చేస్తారు, అమ్మకానికి రావాలంటే కనీసం 38 నెలలు ఆగాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లోనే. నేను మొదటిసారి గ్లాసులో పోసుకుని వెనక వేలు పెట్టి చూస్తే గోరు కూడా కనిపించింది, అంత పలచటి రంగు, అంచు దగ్గర ఇటుక రంగు. తేలిగ్గా ఉంటుందిలే అనుకుని పెద్ద గుక్క వేశాను, చెంపలు లోపలికి లాక్కుపోయాయి. గులాబీ రేకుల వాసన, దాని వెనకే ఆ పట్టు. దానికి ఎదురు ఫ్రాన్సులోని బోజొలే రెడ్ వైన్, గమే ద్రాక్షతో చేసేది, గ్లాసులో కళ్ళకి కొట్టొచ్చే ఊదా ఎరుపు, కానీ నోట్లో వగరు ఉందా లేదా అన్నట్టుంటుంది, చాలామంది గుత్తుల్ని చిదపకుండా తొట్లలో వేసి పులియబెట్టడం మొదలుపెడతారు, అందువల్ల టానిన్ తక్కువ దిగుతుంది. పినో న్వార్ అనే రెడ్ వైన్ ద్రాక్షకి తొక్క పలచన, అక్కడా మెత్తనే. ఫ్రాన్సు నైరుతిలో మదిరాన్ ఉంది, అక్కడి ద్రాక్ష పేరే తనా, దాని వగరు చాలా గట్టిది, అది ఇప్పుడే వద్దు, టీ పరీక్ష నాలుగుసార్లు చేశాక చూడండి.

రంగు మనల్ని ఎంత నడిపిస్తుందంటే, ఫ్రాన్సులోని బోర్డోలో వైట్ వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి 54 మందికి ఇచ్చారు, 2001లో అచ్చయిన పరిశోధన ఇది, వాళ్ళు దాన్ని రెడ్ వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. అందుకే కళ్ళతో తీర్పు చెప్పకండి అని పదేపదే అంటున్నాను.

ఇంకోటి, కొందరు రెడ్‌ని ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తాగి వగరు భరించలేకపోయాం అని రాశారు. చల్లగా ఉంటే వగరు ఇంకా ఎక్కువ తెలుస్తుంది, 16 నుంచి 18 డిగ్రీల మధ్య పెట్టుకోండి, మరీ వేడెక్కితే మళ్ళీ ఆల్కహాల్ ముక్కుకి కొడుతుంది.

ప్రాక్టీసు ఈసారి కష్టంగానే ఉంటుంది, మూడు రోజులు చెయ్యాలి. ఒక డ్రై వైట్ సీసా తీసుకుని నాలుగు పాత్రల్లోకి పంచండి. మొదటిదాంట్లో 150 మిల్లీలీటర్లు పోసి ఏమీ కలపొద్దు, మిగతా మూడింట్లో 200 మిల్లీలీటర్ల చొప్పున పొయ్యండి. రెండోదాంట్లో అర టీస్పూను చక్కెర, మూడోదాంట్లో పైన చెప్పిన టీ నాలుగు టేబుల్ స్పూన్లు, నాలుగోదాంట్లో అర టీస్పూను చక్కెర, ఒక టీస్పూను నిమ్మరసం. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, రుచి చూసే అరగంట ముందు బయటికి తియ్యండి. రోజూ ఒక్కోదాంట్లోంచి 40 మిల్లీలీటర్లు గ్లాసుల్లో పోసి, మీకు కనపడకుండా ఇంట్లో ఎవరినైనా వరస మార్చమనండి, టీ కలిపినదాని రంగు దొరికిపోతుంది కాబట్టి కళ్ళు మూసుకోవాలి. ఒక్కో గ్లాసుకీ తీపి, పులుపు, వగరు మూడూ విడివిడిగా సున్నా నుంచి అయిదు దాకా వెయ్యండి, ఉమ్మేయండి, మధ్యలో నీళ్ళతో పుక్కిలించి రెండు నిమిషాలు ఆగండి. రెండోదీ నాలుగోదీ చక్కెర ఒకటే అయినా తీపికి మీరు వేసే అంకెలు వేరుగా వస్తాయి, ఎంత తేడా వచ్చిందో నాకు తప్పకుండా రాయండి, వచ్చే పాఠం మోసెల్‌లో మళ్ళీ మొదలుపెట్టేది ఆ అంకెల దగ్గర్నించే.