కిలోమీటర్లు బాగా తిరిగిన సూపర్‌కార్ కొంటున్నారా? ఏ లక్షణం వెనక ఏ లోపం ఉంటుందో చూడండి

పాత ఫెరారీ, పోర్షే, లంబోర్గినీల బేరంలో అందరి చూపూ ముందు ఓడోమీటర్ మీదే పడుతుంది. లక్ష కిలోమీటర్లు దాటిందంటే చాలు, కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు, ధర కూడా దిగుతుంది. నా లెక్క వేరు. లక్ష తిరిగి ప్రతి సర్వీసుకూ బిల్లు ఉన్న కారు కంటే, పదేళ్లలో పదిహేను వేలే తిరిగి షెడ్డులో పడి ఉన్న కారంటేనే నాకు భయం. నిలిపి ఉంచిన కారులో సీళ్లు ఎండిపోతాయి, రబ్బరు గొట్టాలు పగుళ్లిస్తాయి, ట్యాంకులో పెట్రోలు పాడవుతుంది. తిరిగిన కారులో అరగాల్సినవి అరుగుతాయి, అంతే. వాటిని ఎప్పుడు మార్చారు, ఆ కాగితం ఏది అన్నదే చూసుకోవాలి. అదీ అడ్వాన్స్ చేతులు మారకముందే.

మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంది

చల్లటి ఇంజిన్ చేసే శబ్దాన్నో, వదిలే పొగనో మీకు కనపడకుండా ముందే స్టార్ట్ చేసి ఉండొచ్చు. "ఇప్పుడే కడిగి ఇటు తెచ్చాం" అనే మాట నిజమైనా కావచ్చు. వాదన అనవసరం. మర్నాడు పొద్దున వస్తామని, అప్పటిదాకా తాళం తిప్పొద్దని చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ మూత మీద చెయ్యి పెట్టి చూసి, ఆ తర్వాతే స్టార్ట్ చేయమనండి.

స్టార్ట్ చేయగానే నీలం పొగ

నీలం రంగు ఉందంటే ఆయిల్ కాలుతోందని అర్థం. కానీ ఎక్కడి నుంచి వస్తోందో తేల్చాలి. పోర్షే 911 లాంటి బాక్సర్ ఇంజిన్లలో సిలిండర్లు పడుకుని ఉంటాయి కాబట్టి, కొన్నాళ్లు నిలిపిన కారు మొదటిసారి కాస్త పొగ వదిలి ఆగిపోతే కంగారు పడక్కర్లేదు. యాక్సిలరేటర్ వదిలి కొంతదూరం వెళ్లి మళ్లీ తొక్కినప్పుడు గుప్పున వస్తే మాత్రం వాల్వ్ గైడ్లనో (వాల్వు కాడ కదిలే గొట్టాలు), వాల్వ్ సీళ్లనో అనుమానించాలి. ఫెరారీ ఎఫ్355 తొలి కార్లలో గైడ్లు త్వరగా అరగడం అందరికీ తెలిసిన విషయమే. ఏ వేగంలోనైనా ఆగకుండా వస్తుంటే పిస్టన్ రింగులో, సిలిండర్ గోడలో పోయాయన్నమాట.

కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్ లోపలి ఒత్తిడి కొలవడం) ఒక్కటే చేయించి ఊరుకోవద్దు, లీక్-డౌన్ టెస్ట్ కూడా అడగండి. సిలిండర్‌లోకి గాలి పంపి అది ఎటు నుంచి తప్పించుకుంటుందో వింటారు. సైలెన్సర్ వైపు బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు, ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగుల దారి. అయితే గైడ్ల అరుగుదల ఈ పరీక్షలో బయటపడకపోవచ్చు, దానికి పైన చెప్పిన పొగే సాక్ష్యం. గైడ్లయితే సిలిండర్ హెడ్ విప్పితే సరిపోతుంది. రింగులైతే ఇంజిన్ మొత్తం విప్పాలి, ఆ ఖర్చు ధరలో తగ్గించకపోతే బేరం వదిలేయండి.

టిక్ టిక్ శబ్దం

చల్లగా ఉన్నప్పుడు ఎక్కువగా వినిపించి, వేడెక్కాక తగ్గిందా? ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్, అంటే సిలిండర్ల నుంచి పొగను సైలెన్సర్ వైపు తీసుకెళ్లే గొట్టాల సముదాయం, పగిలి ఉండొచ్చు. లోహం వేడికి వ్యాకోచించి పగులు మూసుకోవడంతో శబ్దం తగ్గుతుంది. ఫెరారీ ఎఫ్355లోనూ ఎఫ్430లోనూ ఇది మామూలే. వెల్డింగ్ చేయించినా అదే చోట మళ్లీ విచ్చుకునే అవకాశం ఎక్కువ, మేనిఫోల్డ్ మార్చడమే మేలు.

అదే శబ్దం వేడెక్కాక కూడా పోకుండా, ఒకవైపు సైలెన్సర్ గొట్టం రెండోదాని కంటే నల్లగా మసిబారి ఉంటే సంగతి పెద్దది. పోర్షే 996, 997 (రెండూ 911 తరాల కోడ్ పేర్లు) తొలి కార్లలో దీన్ని బోర్ స్కోరింగ్ అంటారు, అంటే సిలిండర్ గోడల మీద గీతలు. బోర్‌స్కోప్ కెమెరాతో లోపల చూస్తే తప్ప తేలదు. నిలువు గీతలు కనిపించాయా, ఇక అది ఇంజిన్ రీబిల్డ్ పనే. రేటు ఎంత తగ్గించినా నేనైతే ఆ కారు తీసుకోను.

ఆయిల్ ఫిల్టర్‌లో మెరుపు

అమ్మేవాళ్లు ఒప్పుకుంటే ఆయిల్ మార్పించండి, ఆ ఖర్చు మీరు పెట్టుకున్నా నష్టం లేదు. ఎందుకంటే మీకు కావలసింది పాత ఫిల్టర్. దాన్ని కోసి, లోపలి కాగితం మడతలు ఒక్కొక్కటీ విప్పి, ఎండలోనో టార్చి వెలుగులోనో వాలుగా పట్టుకుని చూడండి. ఒకటి రెండు నలకలకు భయం లేదు. మడత మడతలోనూ సన్నటి మెరుపు పరుచుకుని ఉంటే ఒక అయస్కాంతం దగ్గర పెట్టండి. అంటుకుంటే ఉక్కు, అంటే బేరింగ్ లాంటి భాగాలు అరుగుతున్నట్టు. అంటుకోకపోతే అల్యూమినియమో, బేరింగ్ షెల్ లోహమో కావచ్చు.

పోర్షే 996, 997 తొలి కార్లలో ఉక్కు రజను కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది ఐఎంఎస్ (ఇంజిన్ లోపల టైమింగ్ చైన్లను తిప్పే మధ్య షాఫ్ట్) బేరింగ్‌ని. అది విరిగితే ఇంజిన్ మొత్తం పోతుంది. రజను అప్పటికే వచ్చేసి ఉంటే బేరింగ్ ఒక్కటి మార్చి చేతులు దులుపుకోవడం కుదరదు, ఇంజిన్ విప్పి శుభ్రం చేయాల్సిందే. గేర్‌బాక్స్ దింపితే గానీ ఆ బేరింగ్ చేతికి అందదు కాబట్టి, తెలివైన యజమానులు క్లచ్ మార్చేటప్పుడే దాన్నీ మార్పించేస్తారు. బాగా తిరిగిన కారుకు ఇదే లాభం, క్లచ్ ఎప్పుడో ఒకసారి మార్చక తప్పదు, ఆ బిల్లులో బేరింగ్ కూడా ఉందేమో వెతకండి. 997లో కాస్త ఆలస్యంగా వచ్చిన కార్లకు బేరింగ్ పెద్దది, ఇంజిన్ విడదీయకుండా బయటికి రాదు. 2009 మోడల్ 911 నుంచి ఆ షాఫ్టే లేదు. టర్బో, జీటీ3 కార్లలోని మెజ్గర్ ఇంజిన్ వేరే రకం, ఈ టెన్షన్ దానికి లేదు.

ఏ లక్షణమూ లేదు, కానీ టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో తెలియదు

అన్నిటికంటే ప్రమాదం ఇదే. వాల్వులను పిస్టన్లతో లయలో కదిలించే ఈ రబ్బరు బెల్ట్ తెగేదాకా ఏ చప్పుడూ చేయదు, తెగితే వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగులుతాయి. కిలోమీటర్లు తక్కువైనా రబ్బరుకు వయసు వస్తుంది, అందుకే తేదీ చూడాలి. కాగితం లేకపోతే మార్చలేదనే లెక్క వేసి బేరమాడండి. ఎఫ్355కి ఇంజిన్ మొత్తం కిందికి దింపాలి. 360 మోడెనాకు సీట్ల వెనక పలక తీస్తే బెల్ట్ అందుతుంది, లేబర్ బాగా తగ్గుతుంది. ఎఫ్430కి బెల్ట్ బదులు చైన్ ఉంది, ఈ బాధే లేదు.

గేరు పడేటప్పుడు కుదుపు, ఎత్తు ఎక్కేటప్పుడు కాలిన వాసన

ఫెరారీ ఎఫ్1, లంబోర్గినీ ఈ-గేర్ లాంటి గేర్‌బాక్సుల్లో క్లచ్ పెడల్ లేకపోయినా క్లచ్ ప్లేటు మామూలుదే, నొక్కే పని మాత్రం కంప్యూటరూ హైడ్రాలిక్ పంపూ చేస్తాయి. పై గేరులో తక్కువ ఆర్‌పీఎం దగ్గర పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు అయిపోయినట్టే. ఇంకా మిగిలి ఉందంటే ఎంత అన్నది ఊహతో చెప్పకూడదు, సరైన స్కానర్ క్లచ్ అరుగుదలను చూపిస్తుంది, ఆ ప్రింటు అడగండి.

కుదుపు ప్లేటు వల్లే కాకపోవచ్చు. గేరు మార్చిన ప్రతిసారీ పంపు గుయ్‌మని చాలాసేపు తిరుగుతుంటే హైడ్రాలిక్ అక్యుమ్యులేటర్ (ఆయిల్ ఒత్తిడిని నిల్వ ఉంచే డబ్బా) బలహీనపడి ఉంటుంది. క్లచ్ కంటే చాలా చిన్న ఖర్చు. దాన్ని వదిలేస్తే మాత్రం ఓవర్‌టైమ్ చేసీ చేసీ పంపు కాలిపోతుంది.

ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది

వాటర్ పంపు అని గాభరా పడకముందు 996, 997 కార్లలో ముందు బంపర్ గాలి దారుల్లోకి టార్చి వేయండి. ఎండుటాకులు, దుమ్ము పేరుకుని రేడియేటర్లనూ ఏసీ కండెన్సర్లనూ కప్పేసి ఉంటాయి. బంపర్ తీసి శుభ్రం చేస్తే చాలాసార్లు అక్కడితో సరి. తడిసి కుళ్లిన ఆకు అల్యూమినియంను తినేసి ఉంటే మాత్రం లీకు మొదలవుతుంది, అప్పుడు మార్చాలి.

గతుకుల్లో టకటక, టైరు లోపలి అంచు అరగడం

బుష్‌లు, బాల్ జాయింట్లు, అంటే చక్రాల సస్పెన్షన్‌లోని రబ్బరు దిమ్మెలు, కీళ్లు. ఇంత తిరిగాక అవి అరగడం సహజం, మార్చి అలైన్‌మెంట్ చేయిస్తే పోతుంది. ఆడి ఆర్8లో మాగ్నెటిక్ డాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) ఆయిల్ కారుతున్నాయేమో విడిగా చూడండి, అవి ఖరీదైనవి. సిరామిక్ బ్రేకులుంటే మందం చూసి నమ్మొద్దు, పోర్షే డిస్క్ మీద కనీస బరువు ముద్రించి ఉంటుంది, విప్పి తూచాలి.

బటన్లు చేతికి జిగురుగా అంటుకుంటున్నాయి

ఆ కాలపు ఫెరారీల్లో మెత్తటి పూత కరిగిపోవడం మామూలే. తుడిచేసి మళ్లీ పూత వేయించవచ్చు. దీనికోసం మంచి ఇంజిన్ వదులుకోకండి.

స్కానర్‌లో ఒక్క తప్పు కూడా లేదు

ఇంత పాత కారులో అలా ఉంటే సంతోషించే ముందు రెడీనెస్ మానిటర్లు, అంటే కారు కంప్యూటర్ తన స్వీయ పరీక్షలు పూర్తి చేసిందో లేదో చెప్పే సూచికలు, చూడండి. "పూర్తి కాలేదు" అని వస్తే ఈ మధ్యే కోడ్లు చెరిపేశారన్నమాట, లేదా బ్యాటరీ తీసి పెట్టారు. కొంత దూరం నడిపాక మళ్లీ స్కాన్ చేయమనండి. పోర్షే అయితే అదే కంప్యూటర్‌లో ఇంజిన్ నడిచిన గంటలు కూడా ఉంటాయి. ఓడోమీటర్ అంకెను గంటలతో భాగించండి. 60 వేల కిలోమీటర్లు, 2,000 గంటలంటే సగటున 30, నమ్మొచ్చు. 25 వేలు, 2,000 గంటలంటే గంటకు పన్నెండున్నర. నడి నగరంలో రోజూ ఇరుక్కున్న కారైతే తప్ప అంత తక్కువ రాదు, కాబట్టి మీటరు తిప్పారేమోనని నేరుగా అడిగి పాత సర్వీస్ బిల్లుల మీద కిలోమీటర్లు వరసగా సరిచూసుకోండి.