ల్యాబ్ ఎక్స్‌పోలో కాలమ్ స్టాల్ ఎలా నడపాలి?

హైదరాబాద్ హైటెక్స్‌లో అనలిటికా అనకాన్ ఇండియా అనే ల్యాబ్ పరికరాల ఎక్స్‌పోకి వెళ్లినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది. జీడిమెట్ల నుంచో పటాన్‌చెరు నుంచో మందుల కంపెనీ ల్యాబ్‌లో పరీక్షలు చేసే ఒక అనలిస్టు పర్మిషన్ పెట్టుకుని వస్తారు. హెచ్‌పీఎల్‌సీ కాలమ్‌లు (మిశ్రమంలోని పదార్థాలను విడదీసే, సిలికా పొడి నింపిన స్టీలు గొట్టాలు) అమ్మే స్టాల్ ముందు ఆగి నోరు తెరిచేలోపే చేతిలో బ్రోషర్ పడుతుంది, మెడలో బ్యాడ్జి స్కానైపోతుంది. అడగాలని వచ్చిన మాట అడక్కుండానే వెళ్లిపోతారు. మీరూ కాలమ్‌లు అమ్మేవారైతే ఈ పని ఇలా చేయండి.

సామాను

ఎత్తు బల్ల, రూళ్ల నోట్‌బుక్, రెండు పెన్నులు, నాలుగైదు కాలమ్‌లు చాలు. కుర్చీలు వేయకూడదు. కూర్చున్న మనిషిని లేపి మాట్లాడించడానికి మనవాళ్లు మొహమాటపడతారు. టీవీలో వీడియోలు వద్దు.

తప్పకుండా తీసుకెళ్లాల్సింది మాత్రం పాడైన పాత కాలమ్ ఒకటి. ఇన్‌లెట్ వైపు నట్టు విప్పి, ఫ్రిట్ తీసి పక్కన పెట్టండి. చిన్న స్టీలు బిళ్ల, దాని మీద గోధుమరంగు మరక. గొట్టంలో తెల్లటి సిలికా కుంగిపోయి చిన్న గుంట. అది చూసి అనలిస్టులు వాళ్లంతట వాళ్లే వంగి, "మా కాలమ్‌లో కూడా ఇలాగే అయ్యుంటుందా?" అని అడుగుతారు.

పలకరింపు

"క్యూసీనా సార్, ఆర్ అండ్ డీనా?" అంటే నాణ్యత పరీక్షించే విభాగమా, పరిశోధన విభాగమా అని. అంతే. కంపెనీ చరిత్ర చెప్పొద్దు.

అసలు కష్టమంతా ఇక్కడే

"పీక్ టెయిలింగ్ వస్తోందండీ" అంటారు. అంటే గ్రాఫ్‌లో ఒక్కో పదార్థానికి వచ్చే శిఖరం (పీక్) నిటారుగా దిగకుండా వెనక తోకలా సాగుతోందని. వెంటనే "మా సీ18 (సిలికాకి పద్దెనిమిది కార్బన్‌ల గొలుసు అతికించిన కాలమ్) పెట్టండి, పోతుంది" అనాలని నాలుక దురద పెడుతుంది. అనొద్దు. కారణం తెలియకుండా మందు రాసినట్టే అది.

ముందు అడగాల్సింది: తోక ఒక్క పీక్‌కేనా, అన్నిటికీనా? అన్నిటికీ ఉంటే ముందు అనుమానించాల్సింది కాలమ్ తలలో గుంటని, లేదా సరిగా కూర్చోని ఫిట్టింగ్‌ని. ఫెర్రూల్ (గొట్టాన్ని బిగించి పట్టే చిన్న రింగు) ఒకసారి చూసుకోమని చెప్పి పంపండి. ఆ రోజు అమ్మకం పోయినా ఫర్వాలేదు, ఆయన మిమ్మల్ని మర్చిపోరు. ఒక్క పీక్‌కే ఉంటే కెమిస్ట్రీ వైపు వెళ్లండి. పదార్థం బేస్ (క్షారం) అయి, పీహెచ్ 6, 7 దగ్గర నడుపుతుంటే, సిలికా మీద మిగిలిన సైలనాల్‌లు (సీ18 అతుక్కోని చోట్లు) చార్జ్ తెచ్చుకుని దాన్ని పట్టుకుంటాయి. పీహెచ్ 3 కిందికి తెస్తే ఆ పట్టు చాలావరకు సడలుతుంది.

మాలిక్యూల్ పేరు మాత్రం ఎప్పుడూ అడగొద్దు. బయట చెప్పకూడదని వాళ్లకి రూల్ ఉంటుంది. అడిగిన మరుక్షణం మనిషి బిగుసుకుపోతారు. యాసిడా, బేసా, పీహెచ్ ఎంత, కాలమ్ సైజు ఎంత, ఇవి చాలు.

ఆఖరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం: మెథడ్ డెవలప్‌మెంట్‌లో ఉందా, ఫైల్ అయిపోయిందా? అంటే పరీక్ష పద్ధతి ఇంకా తయారవుతోందా, మందు అనుమతి కోసం ప్రభుత్వానికి దాఖలైపోయిందా అని. ఇది అడక్కపోవడం వల్ల నేను ఒక మంచి కస్టమర్‌ని పోగొట్టుకున్నాను. డెమో కాలమ్ పంపాను. పీక్ సూదిలా వచ్చింది, వాళ్లు సంతోషించారు. తీరా చూస్తే అది ఫైల్ అయిన మెథడ్. కాలమ్ మార్చాలంటే చేంజ్ కంట్రోల్ (మార్పుకి రాతపూర్వక అనుమతి) వేయాలి, పాతదానితో పోల్చిన డేటా చూపించాలి. నా మాట నమ్మి పై అధికారిని ఒప్పించిన ఆ అమ్మాయి అందరి ముందూ మాట పడాల్సి వచ్చింది. కాలమ్ డ్రాయర్‌లోనే ఉండిపోయింది. ఆవిడ మళ్లీ నా స్టాల్‌కి రాలేదు.

"మాదీ యూఎస్‌పీ ఎల్1, వాళ్లదీ ఎల్1, రెండూ ఒకటే" అని కొందరు అమ్మేస్తుంటారు. యూఎస్‌పీ అంటే అమెరికా ఔషధ ప్రమాణాల గ్రంథం, ఎల్1 అందులో ఒక కాలమ్ వర్గం. సిలికా మీద సీ18 ఉన్నవి దాదాపు అన్నీ ఎల్1 కిందికే వస్తాయి. ఒకే పీహెచ్‌లో, ఒకే మొబైల్ ఫేజ్‌లో (కాలమ్ గుండా పారే ద్రవం) రెండు ఎల్1 కాలమ్‌లు వేరువేరుగా నడవడం ల్యాబ్‌లో పనిచేసే ఎవరికైనా తెలుసు. ఆ మాట అన్నారంటే నమ్మకం అక్కడితో సరి.

రాసుకోవడం

మనిషికొక పేజీ. పెన్ను ఆయన చేతికే ఇచ్చి పీక్ గీయమనండి. ఎంత అలసిపోయి వచ్చినవారైనా తోక ఎక్కడ మొదలవుతుందో జాగ్రత్తగా దిద్ది మరీ చూపిస్తారు. స్కానర్‌తో వందల పేర్లు వస్తాయి గానీ ఈ బొమ్మ రాదు. నాకు ఆర్డర్లు తెచ్చిపెట్టింది ఈ నోట్‌బుక్కే.

తర్వాత

ఆ రాత్రే మెసేజ్ పెట్టండి. బ్రోషర్ కాదు, ఆయన అడిగినదానికి జవాబు. డెమో కాలమ్ పంపితే దాని సీరియల్ నంబరు మీదున్న టెస్ట్ క్రొమటోగ్రామ్ (ఆ కాలమ్‌ని పరీక్షించినప్పటి పీక్‌ల గ్రాఫ్) జతచేయండి. ఫాస్ఫేట్ బఫర్ (ఉప్పు ద్రావణం) నడిపాక నేరుగా అసిటోనైట్రైల్ (సేంద్రియ ద్రావకం) ఎక్కించొద్దని, ముందు నీళ్లు ఎక్కువున్న మిశ్రమంతో కడగమని పెట్టె మీదే తెలుగులో రాయండి. కుదిరితే మొదటి ఇంజెక్షన్ రోజు మీరే వెళ్లి పక్కన నిలబడండి. నోట్‌బుక్‌లో ఆయన గీసిన పేజీ తీసుకెళ్లడం మర్చిపోవద్దు.