15 ఏళ్లు నిండిన కారుకు ఆర్‌సీ రెన్యువల్: దరఖాస్తు విధానం, తనిఖీకి ముందు చూసుకోవాల్సిన బ్రేకులు

సొంత వాడకానికి కొన్న కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 41 ప్రకారం ఆ తర్వాత రెన్యువల్ చేయించుకుంటే మరో 5 ఏళ్లు చెల్లుతుంది. 2010, 2011లో రిజిస్టరైన మారుతి 800, ఆల్టో, శాంత్రో, ఇండికా లాంటి బండ్లు ఇప్పుడు ఈ దశకే వచ్చాయి. కాగితాల పని పెద్ద కష్టం కాదు. చిక్కంతా బండిని తనిఖీకి తీసుకెళ్లినప్పుడే. స్లాట్‌కు (తనిఖీకి ఇచ్చిన రోజు, సమయం) ఒక రోజు ముందు హడావుడిగా బ్రేక్ పని చేయించి నేరుగా ఆఫీసుకు తీసుకెళ్తే ఆ చిక్కు ఇంకా పెరుగుతుంది. కొత్త ప్యాడ్లు డిస్క్‌కు ఒదగడానికి కొంత దూరం తిరగాలి, సన్నని లీకు బయటపడడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. అందుకే ముందు బ్రేకులు, తర్వాత స్లాట్. స్లాట్‌కు రెండు మూడు వారాల ముందే రిపేరు పూర్తి చేసుకుని, కనీసం 200 కిలోమీటర్లు తిప్పి చూసుకోండి.

ఎప్పుడు, ఎలా దరఖాస్తు చేయాలి

గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. దరఖాస్తు ఫారం 25లో ఉంటుంది. రవాణా శాఖ వెబ్‌సైట్‌లో బండి నంబరు, ఛాసిస్ నంబరులోని చివరి అంకెలు ఇచ్చి రిజిస్ట్రేషన్ రెన్యువల్ సేవను ఎంచుకోవాలి. ఆర్‌సీతో ముడిపడిన మొబైల్ నంబరు పాతదైతే ఓటీపీ మీకు రాదు కాబట్టి ముందు దాన్ని మార్పించుకోండి. ఫీజు కట్టాక స్లాట్ తీసుకుని, బండితో సహా మీ పరిధిలోని ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లాలి.

కేంద్ర నిబంధనల ప్రకారం కారుకు రెన్యువల్ ఫీజు 5,000 రూపాయలు, మోటారు సైకిల్‌కు 1,000. ఇవి 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. బండి 20 ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నాటి సవరణ ప్రకారం కారుకు 10,000, మోటారు సైకిల్‌కు 2,000 అవుతుంది. గడువు దాటాక దరఖాస్తు చేస్తే ఆలస్యమైన ప్రతి నెలకూ కారుకు 500, మోటారు సైకిల్‌కు 300 రూపాయలు అదనం. నెలలో ఒక్క రోజు దాటినా పూర్తి నెల కిందే లెక్క. గ్రీన్ ట్యాక్స్, సర్వీస్ చార్జీలు వేరు. అవి ఎంతో కట్టే ముందు పోర్టల్‌లోనే కనిపిస్తుంది.

ఒరిజినల్ ఆర్‌సీ, అమల్లో ఉన్న బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, చిరునామా రుజువు, ఛాసిస్ నంబరు పెన్సిల్ అచ్చు దగ్గర ఉంచుకోండి. పెండింగ్ చలాన్లు ముందే కట్టేయండి. ఎప్పుడో తీరిపోయిన లోను ఆర్‌సీలో ఇంకా కనిపిస్తుంటే బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ తెచ్చి ఆ ఎంట్రీ తీయించాలి. పాత బండ్లలో ఛాసిస్ నంబరు తుప్పు కింద మరుగున పడుతుంది. దాన్ని గట్టిగా గీకకండి, కిరోసిన్ గుడ్డతో నెమ్మదిగా తుడవండి. అంకె చెరిగితే అది మరో పెద్ద తలనొప్పి.

రిపేరు తర్వాత పెడల్ ఏం చెబుతోంది

బండిని చదునైన చోట నిలిపి, ఇంజన్ ఆపి, బ్రేక్ పెడల్‌ను నాలుగైదు సార్లు నొక్కి వదలండి. తర్వాత గట్టిగా నొక్కి పట్టుకుని ఇంజన్ స్టార్ట్ చేయండి. పెడల్ కాలి కింద కొంచెం దిగితే బూస్టర్ (కాలి బలాన్ని పెంచే భాగం) పనిచేస్తున్నట్టు. అస్సలు దిగకుండా రాయిలా ఉంటే బూస్టర్‌కు వెళ్లే వాక్యూమ్ గొట్టం, అందులోని వన్‌వే వాల్వు ముందు చూడండి. రిపేరులో ఊడదీసిన గొట్టాన్ని సరిగా ఎక్కించకపోయినా ఇలాగే ఉంటుంది. దానికోసం బూస్టర్ మార్చాల్సిన పని లేదు.

పెడల్ కిందికి పోతోందంటే అందరూ ఎయిర్ పట్టిందనే అంటారు. నిజానికి పెడల్ కిందికి పోవడం మూడు రకాలుగా ఉంటుంది, మందు కూడా మూడు రకాలు. నొక్కినప్పుడు స్పాంజిలా మెత్తగా ఉండి, పంపు చేసేకొద్దీ పైకొస్తే లైన్లో గాలి ఉంది. మొదటి నొక్కులో లోతుకు పోయి, వెంటనే రెండోసారి నొక్కితే పైనే గట్టిగా నిలబడితే వెనక డ్రమ్ముకూ షూలకూ మధ్య గ్యాప్ ఎక్కువైంది. దాన్ని ఎన్నిసార్లు బ్లీడింగ్ చేసినా (లైన్లోని గాలిని నూనెతో పాటు బయటికి తీసినా) లాభం లేదు, ఆ గ్యాప్‌ను సరిచేసే అడ్జస్టర్ తిప్పాలి. ఒకే బలంతో నొక్కి పట్టుకున్నా పెడల్ నిదానంగా నేలవైపు జారుతోందా? బయట ఎక్కడా లీకు లేకపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేక్ నూనెను చక్రాలకు నెట్టే భాగం) లోపలి రబ్బరు కప్పులు పోయినట్టే.

ఆ కప్పులు చాలా బండ్లలో బ్లీడింగ్ చేసేటప్పుడే తెగుతాయి. ఏళ్ల తరబడి సిలిండర్‌లో సగం దాకే కదిలిన పిస్టన్, పెడల్‌ను నేలదాకా తొక్కగానే తుప్పు పట్టిన భాగంలోకి వెళ్తుంది. ఆ గరుకు కప్పు అంచును చీరేస్తుంది. పెడల్ కింద ఒక చెక్క దిమ్మె పెట్టి, ఎప్పుడూ దిగే లోతు వరకే తొక్కమని మెకానిక్‌కు చెప్పండి. బ్లీడింగ్ వరుస బండి మాన్యువల్‌లో చూడాలి. అది దొరకకపోతే మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం పాత పద్ధతి. మన బండ్లలో అది వెనక ఎడమ చక్రం. ఎంత బ్లీడ్ చేసినా మెత్తదనం పోకపోతే ముందు కాలిపర్లను (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగాలను) చూడండి: గాలిని బయటికి వదిలే బ్లీడింగ్ నిపుల్ పైభాగంలో ఉండాలి. కుడి కాలిపర్‌ను ఎడమకు, ఎడమది కుడికి బిగిస్తే నిపుల్ కిందికి వస్తుంది, పైన చేరిన గాలి ఎన్నటికీ బయటికి రాదు.

బ్రేక్ నూనె విషయంలో రాజీ వద్దు. రిజర్వాయర్ మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే పోయాలి. పొరపాటున పవర్ స్టీరింగ్ ఆయిలో ఇంజన్ ఆయిలో పడితే రబ్బర్లు ఉబ్బిపోతాయి. అప్పుడు నూనె మారిస్తే చాలదు, లైన్లన్నీ కడిగి హోస్‌లు, కప్పులు, సీళ్లు అన్నీ మార్చాలి.

ఒక పక్కకు లాగడం, చక్రం పట్టేయడం

ఖాళీ మైదానంలో 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ బ్రేక్ వేయండి. బండి ఎడమకు లాగితే కుడి పక్క బ్రేక్ తక్కువగా పట్టడమే సాధారణంగా కారణం. కాలిపర్ స్లైడ్ పిన్నులు ఎండి బిగుసుకున్నాయా, ప్యాడ్ మీద గ్రీజు పడిందా, రబ్బరు హోస్ మెలిపడిందా చూడాలి. గ్రీజు పీల్చిన ప్యాడ్‌ను పెట్రోలుతో కడిగి మళ్లీ వేయడం ప్రమాదం. రెండు పక్కలా కొత్తవి వేయండి.

బ్రేక్ వదిలినా చక్రం తిరగకపోతే జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, మిగతా చక్రాలకు అడ్డు పెట్టి, ఆ చక్రం నిపుల్ కొంచెం వదులు చేయండి. నూనె చిమ్మి చక్రం తేలికైతే లైన్లో ఒత్తిడి నిలిచిపోతోంది: లోపల ఉబ్బిన హోస్, లేదా మాస్టర్ సిలిండర్ పుష్ రాడ్‌కు గ్యాప్ లేకపోవడం. నిపుల్ వదిలినా తేలిక కాకపోతే పిస్టన్ తుప్పో, పిన్నులో, హ్యాండ్ బ్రేక్ కేబులో కారణం.

వెనక షూలు మార్చాక హ్యాండ్ బ్రేక్ లూజైతే నేరుగా కేబుల్ బిగించేస్తారు. ముందు అడ్జస్టర్‌తో షూలను డ్రమ్ముకు దగ్గర చేసి, ఆ తర్వాతే కేబుల్ ముట్టుకోవాలి. మరలు కోసిన సెల్ఫ్ అడ్జస్టర్లున్న బండ్లలో కుడిదానికీ ఎడమదానికీ మరలు ఎదురెదురుగా ఉంటాయి. అవి తారుమారైతే బ్రేక్ వేసినకొద్దీ గ్యాప్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. డ్రమ్ములోని దుమ్మును గాలికొట్టి ఊదకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడి గుడ్డతో తుడవండి.

కొత్త ప్యాడ్లు వేశాక 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి మెల్లగా తగ్గించడం, చల్లారనివ్వడం, ఇలా ఎనిమిది పది సార్లు చేయండి. చివరగా హోస్ జాయింట్ల దగ్గర తడి కోసం చూడండి. పాత రాగి వాషర్లనే మళ్లీ వేస్తే అక్కడ నూనె చెమ్మ కడుతుంది.

తనిఖీ రోజు

మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ ఛాసిస్, ఇంజన్ నంబర్లు, లైట్లు, టైర్లు, బ్రేకులు చూస్తారు. పెడల్ స్విచ్ కదిలిపోతే బ్రేక్ లైటు వెలగదు, బయల్దేరే ముందు ఎవరినైనా వెనక నిలబెట్టి చూడమనండి. బ్రేక్ పని బిల్లులు వెంట ఉంచుకోండి. లోపం ఉందంటే అదేమిటో రాసివ్వమని అడిగి, బాగుచేయించి మళ్లీ స్లాట్ తీసుకోండి. రెన్యువల్‌ను తిరస్కరిస్తే ఆ ఉత్తర్వు అందిన 30 రోజుల్లోగా సెక్షన్ 57 కింద అప్పీలు చేసుకోవచ్చు. ఈలోగా గడువు దాటితే బండి రోడ్డెక్కించకండి. చెల్లని రిజిస్ట్రేషన్‌తో ప్రమాదం జరిగితే బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించే వీలుంది.