యాప్ చేసే ముందు కాగితం మీద పరీక్షించడం ఎలా?

బెంగళూరు మారతహళ్లిలో మేముండే పీజీ హాస్టల్‌లో రాత్రిపూట సాంబారు మిగిలిపోయేది, చపాతీలు చాలేవి కావు. ఎవరు తింటారో ముందే చెప్పే యాప్ చేద్దామనుకున్నాం. కోడింగ్ జోలికి పోకుండా ముందు కాగితం మీద ప్రోటోటైప్, అంటే నమూనా, చేశాం.

మొదట, ఏం తెలుసుకోవాలో ఒక్క ప్రశ్నగా రాసుకోండి. "యాప్ బాగుందా?" అంటే అందరూ బాగుందనే అంటారు. మా ప్రశ్న: భోజనం వద్దని పది సెకన్లలో చెప్పగలరా?

తర్వాత కాగితాన్ని ఫోన్ సైజుకు కత్తిరించి, ఒక్కో ముక్క మీద ఒక్కో స్క్రీన్ స్కెచ్ పెన్‌తో గీయండి. స్కేలు వద్దు. మరీ నీటుగా ఉంటే తప్పు చెప్పడానికి జనం మొహమాటపడతారు. 1996లో వచ్చిన పామ్ పైలట్ అనే చేతి కంప్యూటర్ కోసం దాని రూపకర్త జెఫ్ హాకిన్స్ ముందు ఒక చెక్కముక్కనే జేబులో వేసుకుని తిరిగాడు, అవసరమైనప్పుడల్లా తీసి దాని మీద రాస్తున్నట్టు నటిస్తూ.

ఇక పరీక్ష. ఒకరు కంప్యూటర్‌లా కూర్చుని, వాడి చూసేవాళ్లు వేలు పెట్టిన చోటును బట్టి తర్వాతి కాగితం పెట్టాలి. ఇంకొకరు రాసుకోవాలి. "రేపు ఊరెళ్తున్నారు, రాత్రి భోజనం వద్దని చెప్పండి" అని పని అప్పగించి నోరు మూసుకోండి. అన్నిటికంటే కష్టం ఇదే! మావాడొకడు 'రద్దు' బటన్ దగ్గర వేలు గాల్లోనే ఆపేశాడు. "ఇది నొక్కితే పీజీయే క్యాన్సిల్ అయిపోదు కదా?" అక్కడికక్కడే కొట్టేసి 'ఈ పూట వద్దు' అని రాశాం. తర్వాతివాళ్లెవరూ ఆగలేదు.

ఒక విడతకు ఐదుగురు చాలని, వాడకం తేలిగ్గా ఉందో లేదో పరీక్షించడంలో నిపుణుడు జేకబ్ నీల్సన్ చెబుతాడు. ఒకేసారి పదిహేను మందిని పిలిచేకంటే, మధ్యలో సరిదిద్దుకుంటూ ఐదుగురేసి మూడుసార్లు మేలు.

అసలు దెబ్బ వంటింట్లో తగిలింది. కాగితం చూపించగానే వంట చేసే అనంతపురం అక్క పిండి అంటిన రెండు చేతులూ పైకెత్తింది. "ఎట్ల నొక్కేది నాయనా? ఎంతమందో గోడ మీద రాయండి, చాలు." ఆమె కోసం గీసిన నాలుగు స్క్రీన్లూ చించేశాం.

స్క్రీన్ల వరస మారడం ఆగాకే ఫిగ్మాలోకి (స్క్రీన్లు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్) వెళ్లండి. స్క్రోలింగ్, బటన్ సైజు వంటివి కాగితం మీద తెలియవు.

గోడ బోర్డుకు డిస్‌ప్లే కొనడానికి ఎలక్ట్రానిక్స్ దొరికే ఎస్.పి. రోడ్డుకు బయల్దేరినవాణ్ణి మాత్రం ఆపాం. వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్‌లను బట్టి తినేవాళ్లను లెక్కపెట్టి, రోజూ సాయంత్రం ఐదింటికి సుద్దముక్కతో మేమే రాశాం. నాలుగో రోజు మర్చిపోతే అక్కే మెట్లెక్కి వచ్చి అడిగింది. డిస్‌ప్లే అప్పుడు కొన్నాం.