తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా ఎలా చూసుకోవాలి?

బరువు తగ్గడానికి సలహాలు చెప్పేవారు ఇంటింటా ఉంటారు గానీ, తగ్గిన బరువును ఐదేళ్ల పాటు నిలుపుకోవడం ఎలాగో చెప్పేవారు అరుదు. అసలు కష్టం అక్కడే ఉంది. 80 కిలోల మనిషి 70 కిలోలకు వచ్చాక ఆ శరీరం నడవడానికీ, ఊపిరి తీసుకోవడానికీ, విశ్రాంతిలో ఉండడానికీ మునుపటికంటే తక్కువ శక్తి చాలు. తగ్గిన ప్రతి కిలోకు రోజువారీ ఖర్చు సుమారు 20 నుంచి 30 కేలరీలు పడిపోతుందనీ, ఆకలి మాత్రం దాదాపు 100 కేలరీల మేర పెరుగుతుందనీ పరిశోధకుల అంచనా. కొవ్వు కణాలు విడుదల చేసే, ఆకలిని అణచే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గడం, ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ పెరగడం ఇందుకు కొంత కారణం. బరువు తగ్గిన ఏడాది తరువాత కూడా ఈ మార్పు పోలేదని 2011లో ఆస్ట్రేలియాలో జరిగిన ఒక అధ్యయనం చూపింది. అందువల్ల మళ్లీ బరువు పెరిగినవారిని నోరు కట్టుకోలేకపోయారని నిందించడం అన్యాయం. వారికి కావలసింది మందలింపు కాదు, ఇంట్లో రోజూ నడిచే ఒక ఏర్పాటు.

1. గీత గీసుకోండి

ఉదయం కాలకృత్యాలు ముగిశాక, టిఫిన్‌కు ముందు, అవే తేలికపాటి బట్టలతో బరువు చూసుకుని, క్యాలెండర్‌లో ఆ తేదీ కిందే రాసుకోండి. ముందురోజు పచ్చళ్లు, అప్పడాలు ఎక్కువ తిన్నా, నెలసరి దగ్గరపడినా ఒంట్లో నీరు నిలిచి కిలో దాకా ఎక్కువ చూపవచ్చు; కాబట్టి ఒక రోజు అంకెను చూసి కంగారు పడకుండా వారం సగటును లెక్కించండి.

అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో ప్రచురించిన ఒక ప్రయోగంలో మూడు రంగుల పద్ధతి పాటించారు. నిలుపుకోదలచిన బరువుకంటే పెరుగుదల 1.4 కిలోల లోపు ఉంటే పచ్చ, 1.4 నుంచి 2.2 కిలోల వరకు పసుపు, 2.3 కిలోలు వచ్చిందంటే ఎరుపు. పసుపులో అలవాట్లను కాస్త సరిచేసుకోవాలి. ఎరుపులో బరువు తగ్గిననాటి పద్ధతిని మళ్లీ మొదలుపెట్టాలి. ఈ వ్యాసంలో ఒక్క సూచననే పాటించగలమనుకునేవారు దీన్నే ఎంచుకోవాలని నా అభిప్రాయం. రెండు కిలోలను రెండు మూడు వారాల్లో దించుకోవచ్చు. అవి పది కిలోలయ్యాక మళ్లీ ఏడాది శ్రమ. అయితే తిండి విషయంలో తీవ్రమైన ఆందోళన లేదా తినడానికి సంబంధించిన మానసిక సమస్య ఉన్నవారు రోజూ బరువు చూసుకోకూడదు. ఆ విషయం వైద్యులతో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

2. వంటింటి లెక్క సరిచూడండి

ముందుగా నూనె డబ్బా వైపు చూడండి. నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్ల నూనె వాడితే ఒక్కొక్కరికి రోజుకు సుమారు 340 కేలరీలు నూనె నుంచే అందుతాయి. అది 3 లీటర్లకు దిగితే సుమారు 205 అవుతుంది. ఎవరి పళ్లెంలోనూ ఒక్క ముద్ద తగ్గించకుండా మనిషికి 135 కేలరీలు తగ్గాయన్నమాట. వేపుళ్లను వారానికి రెండు రోజులకు పరిమితం చేసి, మిగతా రోజుల్లో పప్పుకూరలు, పులుసులు, ఆవపెట్టిన కూరలు వండుకుంటే ఇది సాధ్యమే. నూనెను సీసా నుంచి వంచకుండా చెంచాతో కొలిచి వేయడం మరవకండి.

తరువాతిది అన్నం. అన్నం మానేయమని నేను చెప్పను. మానేసినవారు ఆరు నెలలకు మళ్లీ మొదలుపెట్టి, ఈసారి ఇంకాస్త ఎక్కువ తినడం చాలా ఇళ్లలో చూస్తున్నదే. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలుంటాయి. ఒక చిన్న గిన్నెను కొలతగా పెట్టుకుని, పళ్లెంలో ముందు కూర, పప్పు వడ్డించుకుని, మిగిలిన చోటనే అన్నం పెట్టుకోండి. ధాన్యాల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 45 శాతం మించకూడదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. రాగి, జొన్న కూడా ధాన్యాలే కనుక వాటినీ ఈ లెక్కలోనే చేర్చాలి. పెసరట్టు, గుడ్లు, చేపలు, గట్టి పప్పు, శనగలు వంటి మాంసకృత్తులున్న ఆహారం ఆకలిని ఎక్కువసేపు ఆపుతుంది.

3. నడకను ఆపకండి

కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదికి పైగా నిలుపుకున్నవారి వివరాలను అమెరికాలో 1994 నుంచి ఒక జాబితాగా సేకరిస్తున్నారు. అందులో ఎక్కువమంది రోజుకు సగటున గంటసేపు వ్యాయామం చేస్తారు, ప్రధానంగా నడకే. ఆ గంటను ఉదయం అరగంట, రాత్రి భోజనం తరువాత అరగంటగా విడదీసుకోవచ్చు. బరువుతో పాటు కొంత కండ కూడా కరుగుతుంది కాబట్టి, వారానికి రెండు రోజులు కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం, నీళ్ల సీసాలను ఎత్తడం వంటి బలం పెంచే వ్యాయామాలు చేయండి.

4. పండుగలకు, పెళ్లిళ్లకు ముందే సిద్ధపడండి

సంక్రాంతికి అరిసె తినండి. ఇబ్బందంతా అరిసెల డబ్బా ఆ తరువాత రెండు వారాలు వంటింట్లో ఉండడంతోనే వస్తుంది. పండుగ మరునాడే మిగిలినవి పంచిపెట్టండి. పెళ్లి భోజనంలో నిజంగా ఇష్టమైన రెండింటిని ఎంచుకుని తృప్తిగా తినండి. "ఇంకొంచెం వేసుకో అమ్మా" అని పెద్దవారు ప్రేమతో వడ్డించబోతే, "కడుపు నిండింది అత్తయ్యా, పెరుగన్నం తింటాను" అనడం మర్యాదకు లోటు కాదు. మరునాడు ఉపవాసం చేయకుండా మామూలు భోజనానికి తిరిగి రండి. వారమంతా కట్టడిగా ఉండి ఆదివారం పూర్తిగా వదిలేసే వారికంటే, అన్ని రోజులూ ఒకే తీరున తినేవారే బరువును బాగా నిలుపుకుంటున్నట్టు ఆ అమెరికా జాబితాలోని అనుభవం చెబుతోంది. రెండేళ్లు దాటి నిలుపుకున్నవారికి ఆపై పని సులువవుతుందని కూడా అందులో తేలింది.

5. వైద్యుల దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి?

ఇవన్నీ చేస్తున్నా బరువు పెరుగుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక చికిత్సా మందులు కూడా బరువు పెంచగలవు. వాటిని సొంతంగా ఆపడం ప్రమాదకరం. సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్లతో తగ్గినవారు మందు ఆపిన ఏడాదిలో, తగ్గిన బరువులో సుమారు మూడింట రెండు వంతులు తిరిగి పెరిగినట్టు ఒక పరీక్షలో కనిపించింది కనుక, ఆపేముందే తరువాతి పద్ధతిని వైద్యులతో కలిసి నిర్ణయించుకోవాలి. వెళ్లేటప్పుడు మూడు నెలల బరువులు రాసుకున్న క్యాలెండర్ కాగితాలను, వాడుతున్న మందుల చీటీని వెంట తీసుకెళ్లండి. బరువు ఏ వారం నుంచి పెరగడం మొదలైందో, అప్పుడు ఏ మందు మారిందో వైద్యులు వాటిని పక్కపక్కన పెట్టి చూడగలుగుతారు.