చెక్క విల్లుకు టిల్లరింగ్ చేయడం ఎలా?

చెక్క విల్లు విరిగితే అందరూ ముందు చెక్కను తిడతారు. చెక్కలో లోపం ఎప్పుడో గాని ఉండదు. పని సగంలో ఉండగానే ఒక్కసారి పూర్తిగా లాగి చూద్దామన్న ఉబలాటమే చాలా విళ్లను విరుస్తుంది. పిడికి పైనా కిందా ఉన్న రెండు రెక్కలూ సమంగా వంగేలా కొద్దికొద్దిగా చెక్క తీస్తూ పోవడమే టిల్లరింగ్. చేతి నేర్పు కంటే ఓపిక ఎక్కువ కావాలి.

విల్లు చేసే బద్ద అప్పటికే ఆకారానికి వచ్చి, కొప్పులు (నారి తగిలించే కొనల గాట్లు) కోసి, బాగా ఆరి ఉండాలి. చెక్కలో తేమ 8–10 శాతం ఉంటే మంచిది. రాస్ప్ (చెక్కను అరగదీసే గరుకు ఆకురాయి), స్క్రేపర్ (పొట్టులా గీకే రేకు), పెన్సిల్, వేలాడదీసే కాటా, ఒక కప్పీ, విల్లు కంటే కాస్త పొడవైన తాడు, అసలు నారి సిద్ధం చేసుకోండి. కరెంటు సాండర్ ఉంటే దూరంగా పెట్టండి.

కొందరు కప్పీకి బదులు గాట్లు కోసిన కర్ర వాడతారు. విల్లును లాగి, నారిని గాటుకు తగిలించి, తీరిగ్గా దూరంగా నిలబడి చూస్తారు. అలా చేయకండి. వాళ్లు చూస్తున్నంతసేపూ చెక్క నలుగుతూనే ఉంటుంది. విల్లును గోడకు బిగించి, తాడును కప్పీ మీదుగా తెచ్చుకుంటే లాగి, చూసి, వెంటనే వదిలేయొచ్చు. విరిగినా ముక్కలు మొహానికి తగలవు.

బాణం పోయే దిక్కుకు ఉండేది వీపు, మనకేసి ఉండేది కడుపు. చెక్క తీసేది కడుపు నుంచే. వీపు మీద వార్షిక వలయం తెగితే అక్కడి నుంచే చీలిక మొదలవుతుంది, అటు పనిముట్టు పోనివ్వకండి.

ముందు ఒక కొప్పును నేలకు ఆనించి, పిడి దగ్గర నొక్కి చూడండి. రెండో రెక్కనూ అలాగే చూడండి. రెండూ కొంచెం కదిలి, ఇంచుమించు ఒకేలా అనిపిస్తే పొడవు తాడు తగిలించండి. తాడు వేలాడేంత వదులుగా ఉంటే వంపు తప్పుగా కనిపిస్తుంది, కొప్పుల మధ్య దాదాపు బిగువుగానే ఉండాలి.

ఇక్కడి నుంచి నెమ్మదించండి.

ఎంతదాకా లాగాలన్నదానికి రెండు హద్దులున్నాయి. మీరు కోరుకున్న లాగుడు బరువు కాటా చూపించడం ఒకటి, వంపులో లోపం కనబడటం రెండోది. ఏది ముందొస్తే అక్కడే ఆపాలి. మీకు 40 పౌండ్ల విల్లు కావాలి, తాడు 10 అంగుళాలు వచ్చేసరికే కాటా 40 చూపించింది అనుకోండి. ఆ రోజుకి మీ హద్దు 10 అంగుళాలే. చివరికి 28 అంగుళాల లాగుడు రావాలి కదా అని ఇంకొంచెం లాగారా, కడుపువైపు చెక్క నార నలిగిపోతుంది. తాడు దింపినా విల్లు వంగే ఉంటుంది, పోయిన బలం తిరిగి రాదు.

లోపం కనబడగానే చాలామంది చేయి నేరుగా అక్కడికే పోతుంది. అది తప్పు. ఎక్కువ వంగుతున్న చోటు అప్పటికే పలచగా ఉంది. దాన్ని ముట్టుకోకుండా, వంగని చోట్ల గీకి మిగతా రెక్కను దాని దారికి తేవాలి. మందం 10 శాతం తగ్గితే గట్టితనం దాదాపు 27 శాతం పోతుంది. వెడల్పు 10 శాతం తగ్గితే పోయేది 10 శాతమే. అందుకే ఈ దశలో రాస్ప్ పక్కన పెట్టేసి స్క్రేపర్ పట్టుకోమంటాను. పొట్టు లేచేంత చాలు.

గీకగానే కొలవకండి. హద్దు దాటకుండా 20–30 సార్లు మెల్లగా లాగి వదలండి. తీసిన చెక్క తాలూకు మార్పు అప్పటిగ్గాని పూర్తిగా బయటపడదు. ఈ పని ఎగ్గొట్టినవాళ్లు మార్పేమీ రాలేదని మళ్లీ గీకుతారు. 40 పౌండ్లు అనుకున్న విల్లు చివరికి పిల్లలు ఆడుకునేదవుతుంది.

వంపు ఎలా ఉండాలన్నది బద్ద ఆకారాన్ని బట్టి ఉంటుంది. పిడి నుంచి కొప్పు దాకా వెడల్పు తగ్గుతూ, మందం ఒకేలా ఉన్న రెక్క వృత్తంలో ముక్కలా వంగాలి. వెడల్పు ఒకేలా ఉండి మందం తగ్గుతూ పోయే రెక్క పిడి దగ్గర తక్కువగా, బయటివైపు ఎక్కువగా వంగాలి. ఇంకొకరి విల్లు ఫొటో చూసి దాని వంపును మీ బద్దకు తేవాలని కూర్చోకండి.

రెండు కొప్పులూ 5–6 అంగుళాలు సమంగా వంగుతున్నాయంటే అసలు నారి ఎక్కించొచ్చు. మొదట పిడికీ నారికీ మధ్య 3 అంగుళాలు చాలు. ఇప్పుడు అరడుగు పొడవున్న చదును చెక్కముక్కను కడుపు మీద ఆనించి రెక్క పొడవునా జరపండి. కింద సందు ఎక్కువైన చోట వంపు ఎక్కువ, సందు పోయిన చోట చెక్క బిగుసుకుని ఉంది. అక్కడ పెన్సిల్‌తో గీసి, నారి దించి, గీత పోయేదాకా గీకండి. వంపు కుదిరాక నారిని 5–6 అంగుళాల ఎత్తుకు తెచ్చి, ఒక్కో అంగుళం చొప్పున ముందుకు పోవాలి. ప్రతి అంగుళం దగ్గరా మళ్లీ అదే వరస.

కింది రెక్క కాస్త గట్టిగా ఉండాలి. చేతి ఒత్తిడి విల్లు నడుమకు కిందగా పడుతుంది కాబట్టి దానికి పని ఎక్కువ. నారి నుంచి రెక్క మొదలుకు కొలిస్తే పై రెక్క దగ్గర కిందిదానికంటే పావు అంగుళం లోపు ఎక్కువ రావాలి. రెండూ సరిసమానం కావాలనేవాళ్లు ఉన్నారు, వాళ్ల విళ్లు వాళ్లిష్టం.

27 అంగుళాల దగ్గర, కోరుకున్న దానికంటే రెండు మూడు పౌండ్లు ఎక్కువ ఉండగానే ఆపేయండి. గరుకు కాగితం ఆ మిగులును తినేస్తుంది. తర్వాత సగం లాగుడుతో బాణాలు వేస్తూ మెల్లగా 28కి రండి, మధ్యమధ్యలో కడుపు మీద వెలుతురు పడేలా తిప్పి చూడండి. అడ్డంగా సన్నటి ముడతలు కనబడితే అక్కడ నార నలిగింది. దానికి అటూ ఇటూ చెక్క తీసి భారం పంచాలి, ఆ విల్లు కొన్ని పౌండ్లు తగ్గినా సరే. ముడతలు లేకపోతే నూనె పట్టించి ఆరనివ్వండి.