ఏసీ పని నేర్చుకుందాం – 5వ పాఠం: గ్యాస్ వదిలేముందు వ్యాక్యూమ్

పోయిన పాఠంలో ఫ్లేరింగ్, అంటే నట్టులో గట్టిగా కూర్చునేలా పైపు చివరని గంటలాగా విప్పడం చెప్పాను, పావంగుళం పైపు, అరంగుళం పైపు ముక్కలు తెచ్చుకుని కనీసం 20 ఫ్లేర్లు కొట్టి చూడమన్నాను కదా, కొట్టనివాళ్లు ఇక్కడితో ఆపి ముందు ఆ పని చూడండి, ఫ్లేర్ సరిగ్గా కూర్చోకపోతే ఇవాళ చెప్పేదేదీ మీకు పనిచెయ్యదు.

సరే, ఇప్పుడు ఒకటిన్నర టన్ను, ఆర్32 గ్యాస్‌తో నడిచే స్ప్లిట్ ఏసీ కొత్తది బిగిస్తున్నాం అనుకోండి. ఇండోర్ గోడకెక్కింది, అవుట్‌డోర్ స్టాండ్ మీద కూర్చుంది, రెండు పైపులూ కలిపాం, నట్లు బిగించాం. కంపెనీ వాళ్లు పంపిన గ్యాస్ అవుట్‌డోర్ లోపలే ఉంది, వాల్వులు రెండూ ఇంకా మూసే ఉన్నాయి. పైపుల్లోనూ ఇండోర్ కాయిల్‌లోనూ ఉన్నది మామూలు గాలి, ఆ గాలితో పాటు తేమ. ఈ రెండిటినీ పంపుతో బయటికి లాగడమే ఇవాళ్టి పని, దీన్నే వ్యాక్యూమ్ పెట్టడం అంటాం.

చాలామంది ఇక్కడే అడుగుతారు, అన్నా, చిన్న పైపు వాల్వ్ కొంచెం వదిలితే ఆ గ్యాసే గాలిని తోసేస్తుంది కదా, పంపు మోసుకుని మూడో అంతస్తు ఎక్కడం ఎందుకూ అని. పాత ఆర్22 గ్యాస్ రోజుల్లో చాలాచోట్ల అలాగే చేసేవాళ్లు, ఇప్పటికీ చేసేవాళ్లున్నారు. గాలి చాలావరకు పోతుంది నిజమే, కానీ పైపు లోపలి గోడకి అంటుకున్న తేమ పోదు. పైగా ఆర్32 అంటుకునే గ్యాస్, మెల్లగానే అంటుకుంటుంది గానీ అంటుకుంటుంది. తూకం వేసి పోసిన గ్యాస్‌లోంచి కొంత మనమే బయటికి వదిలేసినట్టు కూడా అవుతుంది. ఆ పద్ధతి అలవాటు చేసుకోకండి, ఒకసారి చెయ్యికి అలవాటైతే మానడం చాలా కష్టం.

తేమ ఎందుకంత ముఖ్యమో చెప్తాను. ఆర్32, ఆర్410ఏ మెషీన్ల కంప్రెసర్‌లో పోసే పీవోఈ ఆయిల్ తేమని బాగా పీల్చుకుంటుంది, ఆర్22లో వాడిన మినరల్ ఆయిల్ కంటే చాలా ఎక్కువ. ఒకసారి ఆయిల్‌లో కలిసిన నీటిని వ్యాక్యూమ్‌తో కూడా సరిగ్గా లాగలేం. ఆ నీళ్లూ ఆయిలూ కంప్రెసర్ వేడీ కలిస్తే యాసిడ్ తయారవుతుంది, అది మోటార్ వైండింగ్ మీద వార్నిష్‌ని తినేస్తుంది. ఇది మొదటి నెలలో కనపడదు, రెండు మూడు ఎండాకాలాలు గడిచాక కంప్రెసర్ బాడీ అయిందని, అంటే వైండింగ్ కరెంటు బయటి డబ్బాకి తగులుతోందని వస్తుంది, అప్పుడు అందరూ కరెంటు మీద వేస్తారు. గాలి సంగతి వేరు, అది కండెన్సర్‌లో, అంటే అవుట్‌డోర్ కాయిల్‌లో చేరి చల్లబడినా గ్యాస్‌లాగా ద్రవంగా మారదు, అలాగే చోటు ఆక్రమించుకుని ఉంటుంది, దాంతో హెడ్ ప్రెజర్, అంటే కంప్రెసర్ బయటికి తోసే వైపు ప్రెజర్ పెరిగి ఆంప్స్ ఎక్కువ లాగి కూలింగ్ తగ్గుతుంది.

ఫ్రిజ్‌లో అయితే తేమ ఇంకోలా బయటపడుతుంది. నేను పని మొదలుపెట్టిన కొత్తల్లో ఒక ఇంట్లో ఆర్134ఏ ఫ్రిజ్‌కి గ్యాస్ ఎక్కించాను, 5 నిమిషాలు వ్యాక్యూమ్ పెట్టి చాల్లే అనుకున్నా. రెండ్రోజులకి ఫోన్ వచ్చింది, కాసేపు చల్లబడుతుందంట, తర్వాత ఆగిపోతుందంట, ఆపేసి ఉంచితే మళ్లీ పనిచేస్తుందంట. వెళ్లి థర్మోస్టాట్ మార్చాను, మళ్లీ అదే. చివరికి మా గురువుగారు వచ్చి క్యాపిలరీ అనే సన్నటి గొట్టం ఎవాపరేటర్‌లోకి, అంటే లోపల చల్లబడే కాయిల్‌లోకి వెళ్లే చోట గుడ్డని వేణ్ణీళ్లలో ముంచి చుట్టారు, చిన్నగా బుస్సుమని శబ్దం వచ్చి కూలింగ్ మొదలైంది. లోపలున్న రెండు మూడు చుక్కల నీళ్లు క్యాపిలరీ చివర ఐసై దారి మూసేస్తున్నాయన్నమాట. తేమ పీల్చే ఫిల్టర్ డ్రైయర్ మార్చి, నైట్రోజన్ కొట్టి, సరిగ్గా వ్యాక్యూమ్ పెడితే పోయింది. ఆ ఇంటావిడ రెండుసార్లు పాలు పారబోసుకున్నారు, ఆ సంగతి నాకింకా బాధే.

ఇప్పుడు అసలు విషయం. నీళ్లని పంపు నీళ్లలాగా లాగదు, ఆవిరి చేసి లాగుతుంది. కుక్కర్ గుర్తు తెచ్చుకోండి, లోపల ప్రెజర్ పెరిగితే నీళ్లు 100 డిగ్రీలు దాటి 120 దాకా పోతే గానీ మరగవు, అందుకే పప్పు త్వరగా ఉడుకుతుంది. దీనికి తిరగేసి, ప్రెజర్ తగ్గితే తక్కువ వేడికే మరుగుతాయి, లేహ్ లాంటి ఎత్తు ఊళ్లల్లో సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి. ఇంకా తగ్గించుకుంటూ పోతే గది వేడి 30 డిగ్రీలకే మరుగుతాయి, మనకి కావాల్సింది అదే. ఇంట్లో చూడాలంటే సూది తీసేసిన సిరంజిలో సగం కంటే తక్కువ వేణ్ణీళ్లు తీసుకోండి, చెయ్యి పెట్టలేనంత వేడి ఉండాలి, కాస్త జాగ్రత్త. గాలి లేకుండా చేసి మూతి దగ్గర మూతో రబ్బరో గట్టిగా పెట్టి ప్లంజర్ వెనక్కి లాగండి, పొయ్యి లేకుండానే బుడబుడమని మరుగుతాయి. ఇది చెయ్యకుండా ముందుకెళ్లొద్దు, కళ్లతో చూస్తే జీవితంలో మర్చిపోరు.

లెక్క చూద్దాం. బయట గాలి ప్రెజర్ 760 మిల్లీమీటర్ల పాదరసం, ఒక మిల్లీమీటర్ అంటే 1000 మైక్రాన్లు, అంటే 7,60,000 మైక్రాన్లు. 30 డిగ్రీల దగ్గర నీళ్లు మరగాలంటే ప్రెజర్ సుమారు 32 మిల్లీమీటర్ల కిందికి రావాలి, 20 డిగ్రీలైతే పదిహేడున్నర కిందికి. మానిఫోల్డ్ అంటే నీలం, ఎరుపు గేజ్‌లూ నాబ్‌లూ హోస్‌లూ ఉన్న సెట్, దాని నీలం గేజ్‌లో సున్నా కింద అంగుళాల్లో చూస్తే ఆ 32 మిల్లీమీటర్లు 29 అంగుళాలకి కాస్త ఇవతల, పూర్తి వ్యాక్యూమ్ ఏమో 30కి కాస్త ఇవతల, ఈ రెండిటి మధ్య ముల్లు కదిలేది వెంట్రుకవాసి. కాబట్టి ముల్లు 30కి వచ్చింది అయిపోయింది అనడానికి లేదు, అది గాలి పోయిందని చెప్తుంది, తేమ పోయిందని చెప్పదు. మైక్రాన్ గేజ్ కొనుక్కోండి, మొదటి సంపాదనలో ఆంప్స్ కొలిచే క్లాంప్ మీటర్ తర్వాత కొనాల్సింది అదే అని నా అభిప్రాయం.

వ్యాక్యూమ్‌కి ముందు లీకులు పట్టడానికి నైట్రోజన్ టెస్ట్. సిలిండర్‌లో 2000 పీఎస్ఐ దాకా ఉంటుంది, రెగ్యులేటర్ లేకుండా ఎప్పుడూ తగిలించొద్దు. ఆక్సిజన్ మాత్రం పొరపాటున కూడా వాడకూడదు, ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది, ప్రాణాలు పోతాయి. మెల్లగా 50, తర్వాత 150, ఆ తర్వాత మాన్యువల్‌లో ఎంత రాసుంటే అంత, నట్ల దగ్గర సబ్బు నురగ పెట్టి చూడండి. ఎండ వల్ల కూడా ముల్లు కదులుతుందని గుర్తుంచుకోండి, 400 పీఎస్ఐ దగ్గర 10 డిగ్రీలు తేడా వస్తే సుమారు 14 పీఎస్ఐ మారుతుంది, లీకేమో అని కంగారుపడొద్దు.

నైట్రోజన్ వదిలేశాక నీలం హోస్‌ని లావు పైపు వాల్వ్ దగ్గరున్న సర్వీస్ పోర్ట్‌కి, పసుపుది పంపుకి. ఆర్32, ఆర్410ఏ మెషీన్లకి పోర్ట్ సైజు పెద్దది, పాత ఆర్22 హోస్ పట్టదు, అడాప్టర్ దగ్గర పెట్టుకోండి. ఎరుపు నాబ్ మూసి, నీలం తెరిచి, పంపు వెయ్యండి. మైక్రాన్ గేజ్ పంపుకి దూరంగా, లైన్ దగ్గర ఉండాలి. పంపు ఆయిల్ పాలలాగా తెల్లబడితే అది తేమ తాగేసింది, మార్చకపోతే గంటలు నడిచినా కిందికి దిగదు. ఎంతసేపు అని అడగొద్దు, పొడి ఎండలో 15 నిమిషాల్లో దిగొచ్చు, వైజాగ్‌లో వానాకాలం అయితే ముప్పావుగంట పట్టొచ్చు, టైం చూడకండి, 500 మైక్రాన్ల కిందికి దిగిందా అని చూడండి.

దిగాక ముందు నాబ్ మూసి తర్వాతే పంపు ఆపాలి, తిరగేసి చేస్తే గాలీ ఆయిలూ లోపలికి వెనక్కి లాక్కుంటుంది. 10 నిమిషాలు ఆగి చూడండి. రీడింగ్ పెరిగి 1500, 2000 దగ్గర ఆగిపోతే లోపల ఇంకా తేమ ఉన్నట్టు, కొంచెం నైట్రోజన్ వదిలి మళ్లీ వ్యాక్యూమ్ పెట్టండి. ఆగకుండా ఎక్కుతూనే ఉంటే లీకు, నట్ల దగ్గరికి తిరిగి వెళ్లాలి. కదలకుండా ఉంటేనే ఎలెన్ కీతో చిన్న పైపు వాల్వ్ కొంచెం తెరిచి, ముల్లు సున్నా దాటాక హోస్ తీసేసి, రెండు వాల్వులూ పూర్తిగా తెరవండి. క్యాపులు మర్చిపోవద్దు, చాలా లీకులు అక్కడే.

ఐటీఐలో ఈ ట్రేడ్ రెండేళ్లు చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ల్యాబ్‌లో పంపు ఖాళీగా ఉంటే అడిగి మరీ వాడండి. ఈ వారం పని ఏంటంటే ఒక మీటరు పైపుకి రెండు వైపులా ఫ్లేర్ కొట్టి, ఒకసారి పొడిగా, ఇంకోసారి లోపల ఒక్క చుక్క నీళ్లు వేసి వ్యాక్యూమ్ పెట్టి, ప్రతి నిమిషం రీడింగ్ నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ రెండు పేజీలు పక్కపక్కన పెట్టుకుని వస్తే 6వ పాఠంలో తూకం వేసి గ్యాస్ ఎక్కించడం మొదలుపెడదాం.